బొమ్మ తలమీది స్కార్ఫ్

2024 మార్చి నెల. రంజాన్ మొదలై వారం దాటింది. మా ఖాలా కూతురు బేగంపేట మెయిన్ రోడ్డు మీద ఒక పెద్ద బట్టల షోరూంలో పనిచేస్తుంది. ఇఫ్తార్‌కి మా ఇంటికి తీసుకుపోదామని సాయంత్రం ఐదున్నరకి అక్కడికి వెళ్లాను. ఆమె డ్యూటీ ఇంకా అయిపోలేదు. బయట ఫుట్‌పాత్ మీద నిలబడి షోకేసు చూస్తున్నాను. లోపల నాలుగు బొమ్మలు. నాలుగింటికీ లేతరంగు పొడుగు గౌన్లు, తలకి సిల్కు స్కార్ఫులు. ఒక స్కార్ఫ్‌కి చెవి దగ్గర ముత్యాల పిన్ను. వెనక అట్టతో కత్తిరించిన నెలవంక, రెండు లాంతర్లు. చాలా అందంగా ఉంది. అబద్ధం ఎందుకు, చూడగానే నాకు సంతోషం వేసింది. ఈ రోడ్డు మీద ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను. సంక్రాంతి, ఉగాది, దీపావళి, క్రిస్మస్ అన్నీ ఆ అద్దాల్లో చూశాను. మా పండగ కనిపించడం అదే మొదటిసారి.

పావుగంటకి మా చెల్లెలు వెనకవైపు సెల్లార్‌లోంచి వచ్చింది. మెట్ల దగ్గర ఆగి, బ్యాగులోంచి నల్ల స్కార్ఫ్ తీసి, ఫోన్‌లో ముఖం చూసుకుంటూ తలకి చుట్టుకుంది. లోపల తీసేస్తావా అని అడిగాను. చేరిన రోజే చెప్పారట, ఫ్లోర్ మీద అందరికీ ఒకే యూనిఫాం, తలమీద ఏమీ ఉండకూడదని. మేనేజర్ మర్యాదగానే చెప్పాడట. "రకరకాల కస్టమర్లు వస్తారమ్మా, నువ్వే అర్థం చేసుకోవాలి" అన్నాడట. షోకేసు వైపు చూసి తనే నవ్వింది.

"క్యా ఆపా, గుడియాకు హోనా, మేరేకు నక్కో?"

బొమ్మకి కావాలి, నాకు వద్దా?

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. నా థీసిస్‌లో ముస్లిం స్త్రీల రచనల మీద ఒక అధ్యాయం ఉంది. అందులో 'ప్రాతినిధ్యం' అనే మాట ఎన్నిసార్లు వాడానో నాకే లెక్క తెలియదు. ఆ పిల్ల ప్రశ్నకి మాత్రం ఆ ఫుట్‌పాత్ మీద నా దగ్గర జవాబు లేదు.

ముందుగా ఒక మాట చెప్పాలి. నేను స్కార్ఫ్ కట్టను. బురఖా వేసుకోను. ఈ వ్యాసం హిజాబ్‌ని సమర్థించడానికి రాస్తున్నాననుకునేవాళ్లు, ఖండించడానికి రాస్తున్నాననుకునేవాళ్లు ఇద్దరూ కాస్త ఓపిక పట్టాలి.

ఆ తర్వాత ఈ సంగతి ముగ్గురితో చెప్పాను. ఒకరు నేనెంతో గౌరవించే సీనియర్ రచయిత్రి. "పోనీలే, ఆ వంకతోనైనా తీసింది కదా. ఒకసారి గాలి తగిలితే ఇక తనే కట్టుకోదు చూడు" అన్నారు. రెండోవాడు మా మామూ. "స్కార్ఫ్ తీయమన్నచోట ఆడపిల్లకి ఇజ్జత్ ఎక్కడిది? మాన్పించండి" అన్నాడు. మూడో ఆమె ఫ్యాషన్ చదువులు చెప్పే స్నేహితురాలు. "బొమ్మకైనా పెట్టారుగా! పదేళ్ల కింద అదీ లేదు. ముందు కనిపించడం ముఖ్యం, మిగతావి మెల్లగా వస్తాయి" అంది.

ముగ్గురూ నా మంచి కోరేవాళ్లే. ముగ్గురి రాజకీయాలూ వేరు. కానీ ఒక్కరైనా ఆ పిల్ల పేరేంటని అడగలేదు. జీతమెంత, ఎన్ని గంటలు పని, నెలకి ఎన్ని సెలవులు అని అడగలేదు. ముగ్గురూ మాట్లాడింది ఆమె తల గురించే. నా కోపం అక్కడ మొదలైంది. ముస్లిం స్త్రీ తలమీద ఏముందన్నదే ప్రపంచానికి పట్టింది. దాన్ని కప్పేవాడికి, విప్పేవాడికి, అమ్ముకునేవాడికి, చివరికి దానిమీద వ్యాసాలు రాసే మనకి కూడా ఆ తల కింద ఉన్న మనిషితో పనిలేదు.

ఈ మాట బేగంపేటలో నిలబడి అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ పేటకి ఆ పేరు ఒక ముస్లిం స్త్రీ వల్ల వచ్చింది. రెండో నిజాం కూతురు బశీరున్నిసా బేగం. పాయిగా వంశంలో షంసుల్ ఉమ్రాకి ఇచ్చి పెళ్లి చేసినప్పుడు ఈ జాగీరు కట్నంగా ఇచ్చారు. రోజూ లక్షలమంది 'బేగంపేట' అంటారు. ఏ బేగం అంటే చెప్పగలిగినవాళ్లు ఎంతమంది? పేరు పోయి బిరుదు మిగిలింది. హైదరాబాదు తన ముస్లిం స్త్రీలని గుర్తుపెట్టుకునే పద్ధతి ఇదే అనిపిస్తుంది నాకు.

రాకుమార్తెలైతే గుర్తుంటారు. నీలోఫర్‌ని చూడండి. ఇస్తాంబుల్‌లో పుట్టిన ఆటోమన్ వంశపు అమ్మాయి. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఏడో నిజాం రెండో కొడుకు మొజ్జం జాతో పెళ్లయింది. ముసుగు లేకుండా, చీర కట్టుకుని విందులకి వచ్చేది. ఆమె అందం గురించి, చీరల గురించి ఇప్పటికీ పత్రికల్లో వ్యాసాలు వస్తూనే ఉంటాయి. బొంబాయి మాధవదాస్ దుకాణంలో ఎంబ్రాయిడరీ చేయించిన ఆమె చీరలు న్యూయార్క్‌లో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మ్యూజియంలో ఉన్నాయి. ఆ చీరలమీద జరీ పువ్వులు కుట్టిన వేళ్లెవరివో ఏ మ్యూజియం గోడమీదా కనబడదు. తన దగ్గర పనిచేసే రఫతున్నిసా ప్రసవంలో చనిపోతే చలించి, నీలోఫర్ తల్లీబిడ్డలకి ఆస్పత్రి కట్టించడానికి పూనుకుంది. రెడ్‌హిల్స్‌లో అది ఇవాళ్టికీ పేదవాళ్లకి దిక్కు. నన్నడిగితే ఆమె చీరలకన్నా ఆ ఆస్పత్రిలో ఎక్కువ ఫ్యాషన్ ఉంది. కానీ ఫ్యాషన్ పేజీల్లో వచ్చేది చీరే. రఫతున్నిసా ఫొటో ఒక్కటి కూడా నేనెక్కడా చూడలేదు.

నీలోఫర్ పెళ్లి జరిగిన అదే నీస్ నగరంలో, 2016 ఆగస్టులో, సముద్రం ఒడ్డున పడుకున్న ఒక ముస్లిం స్త్రీ చుట్టూ తుపాకులున్న పోలీసులు నిలబడ్డారు. ఆమె పొడుగు చేతుల చొక్కా తీసేదాకా కదల్లేదు. ఒళ్లంతా కప్పే స్విమ్‌సూట్ 'బుర్కినీ'ని ఆ ఎండాకాలం ఫ్రాన్స్‌లో చాలా ఊళ్లు నిషేధించాయి. నెలాఖరులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదనేదాకా ఇది నడిచింది. ఆ సంవత్సరం జనవరిలోనే ఇటలీ కంపెనీ డోల్చే అండ్ గబానా తన మొదటి అబాయా, హిజాబ్ కలెక్షన్ విడుదల చేసింది. నల్ల సిల్కు, లేసు అంచులు, నిమ్మకాయల ప్రింట్లు. యూరప్‌లో ఒకచోట ఆ గుడ్డ నేరం, ఇంకోచోట అదే గుడ్డ విలాసం. తేడా ఎక్కడుంది? ధరలో ఉంది. ధనవంతురాలు కొంటే అభిరుచి. వలస వచ్చిన కూలివాడి కూతురు కట్టుకుంటే వెనకబాటుతనం.

ఆ తర్వాత వరస కట్టి వచ్చారు. అంతకు ముందే 2014లో డీకేఎన్‌వై రంజాన్ బట్టలు తెచ్చింది. 2017లో నైకీ కంపెనీ క్రీడాకారిణుల కోసం హిజాబ్ ప్రకటించింది. 2019లో డెకాత్లాన్ పరిగెత్తేవాళ్లకి హిజాబ్ అమ్ముతానని చెప్పి, ఫ్రాన్స్‌లో గొడవకి భయపడి వెనక్కి తగ్గింది. అంటే ముస్లిం స్త్రీల మీద వాళ్ల ప్రేమకి అంతే బలం. ముస్లిం ఆడవాళ్ల చేతిలో డబ్బుందని మార్కెట్‌కి తెలిసింది. ఆ డబ్బు ఎటు నిలబడితే మార్కెట్ అటు నిలబడింది. దీన్ని ప్రాతినిధ్యం అని మనమెందుకు అనాలి? దుకాణదారుడు కొనేవాళ్లని గుర్తుపట్టడం వ్యాపారం, అంతే.

ఈ మాట నాకన్నా బాగా చెప్పగలిగిన మనిషి హలీమా ఏడెన్. సోమాలీ కుటుంబం, కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో పుట్టి అమెరికా చేరింది. హిజాబ్‌తో ర్యాంప్ మీద నడిచింది. 2018 మేలో బ్రిటిష్ వోగ్ ముఖచిత్రం మీద కనిపించిన మొదటి హిజాబ్ మోడల్ ఆమే. ఎంత పొగిడారు! 2020 నవంబర్లో ఆమె ఆ పరిశ్రమ వదిలేసింది. మెల్లమెల్లగా తన స్కార్ఫ్ తన చేతిలోంచి జారిపోయిందని చెప్పింది. ఒక షూటింగ్‌లో స్కార్ఫ్‌కి బదులు జీన్స్ ప్యాంటు తెచ్చి తలకి చుట్టారు. వాళ్లకి కావలసింది కప్పిన తల ఆకారం. ఆ తల ఏమనుకుంటుందో అవసరం లేదు. బేగంపేట షోకేసులోని బొమ్మకీ, ఆ ముఖచిత్రానికీ ఎంత దూరం? బొమ్మ ఉద్యోగం మానేయలేదు, అదొక్కటే తేడా.

బట్ట గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం కదా, కుట్టేవాళ్ల సంగతి? 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలినప్పుడు 1,134 మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాల బ్రాండ్లకి బట్టలు కుట్టేవాళ్లు. ఎక్కువమంది ఆడవాళ్లు, ముస్లిం ఆడవాళ్లు. ముందురోజే గోడలు బీటలు వారితే, లోపలికి వెళ్లమని భయపడితే, బలవంతంగా పంపారు. ఫ్యాషన్లో ముస్లిం స్త్రీల ప్రాతినిధ్యం గురించి సెమినార్ పెట్టేవాళ్లు ముందు ఆ 1,134 నుంచి లెక్క మొదలుపెట్టాలి. ప్రాతినిధ్యానికేం తక్కువ లేదు అక్కడ. మిషన్ల ముందు వరసలు వరసలుగా ఉన్నారు.

అంత దూరం వద్దు. మూసీ దాటి పాతబస్తీకి రండి. ఇరుకు గదుల్లో కార్చోబ్ చట్రం చుట్టూ కూర్చుని జర్దోజీ పని చేసే ఇళ్లున్నాయి. లాడ్‌బజార్ లక్క గాజుల మీద రాళ్లు అతికే ఆడపిల్లలున్నారు. ఆ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకి గుర్తింపు రావడం మంచిదే. నిప్పుల దగ్గర కూర్చుని లక్క వంచే మనిషికి, కళ్లు మసకబారేదాకా రాళ్లు అతికే మనిషికి వచ్చే గుర్తింపేమిటి? పెళ్లికూతుళ్ల ఖడా దుపట్టా మీద జరీ కుట్టినామెకి తన పెళ్లికి అలాంటి దుపట్టా కిరాయికి తెచ్చుకునే స్తోమత ఉంటే గొప్ప.

ఇక్కడ నన్ను ఒకరు అడగొచ్చు. మరి మార్కెట్లో ముస్లింలు కనిపించకపోతే నీకు బాగుంటుందా అని. బాగుండదు. కనబడకపోవడం కూడా నొప్పే. మన దేశంలో ఆ కాస్త కనబడటానికి కూడా ఎంత గొడవో చూశాం. 2020 అక్టోబర్లో తనిష్క్ నగల ప్రకటనలో ముస్లిం అత్తగారు హిందూ కోడలికి సీమంతం చేస్తే రగడ చేసి ఆ ప్రకటన తీయించారు. 2021 అక్టోబర్లో ఫ్యాబ్‌ఇండియా తన పండగ బట్టలకి 'జష్న్-ఎ-రివాజ్' అని ఉర్దూ పేరు పెట్టిందని, మోడళ్ల నుదుట బొట్టు లేదని గోల చేశారు. ఆ కంపెనీ కూడా ప్రకటన వెనక్కి తీసుకుంది. అక్కడ హిజాబ్ లేదు, బురఖా లేదు. ఒక ఉర్దూ మాట, ఒక ఖాళీ నుదురు. అంతమాత్రానికే ఓర్వలేకపోయారు. అంటే సమస్య మా తలమీద గుడ్డ ఎప్పుడూ కాదు. గుడ్డ ఒక వంక.

కాబట్టి షోకేసులో స్కార్ఫ్ చూసి నాకు కలిగిన సంతోషాన్ని నేను తప్పు పట్టుకోను. ఆ సంతోషం వెనక ఇన్నేళ్ల ఆకలి ఉంది. అయితే ఆ అద్దం వెనక ఉన్నది బొమ్మ. గొడవ జరిగితే రాత్రికి రాత్రి తీసి గోడౌన్లో పడేస్తారు. కౌంటర్లో ఉన్న మనిషిని ముందే తీయించి ఉంచారు.

ఇక ప్రభుత్వాలు, పెద్దమనుషులు. 2022లో కర్ణాటకలో ఏం జరిగిందో మనకి తెలుసు. ఉడుపిలో కాలేజీ గేటు దగ్గర పిల్లల్ని నిలబెట్టడంతో మొదలై, ఫిబ్రవరిలో ప్రభుత్వ ఉత్తర్వుగా మారి, మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించేదాకా వెళ్లింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చారు. జస్టిస్ సుధాంశు ధూలియా ముందు ఆడపిల్ల చదువు సంగతి చూడాలన్నారు. చదువు! ఆ మాట అనడానికి అంతదూరం పోవాల్సి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబర్లో ఇరాన్‌లో మహ్సా అమీనీ అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి, స్కార్ఫ్ సరిగ్గా లేదని పట్టుకుపోయిన పోలీసుల కస్టడీలో చనిపోయింది. అక్కడి ఆడవాళ్లు స్కార్ఫులు తీసి కాల్చారు. ఇక్కడి ఆడపిల్లలు స్కార్ఫ్ కోసం గేటు దగ్గర నిలబడ్డారు. ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం అని చాలామంది రాశారు. నాకలా అనిపించలేదు. రెండుచోట్లా ఒక ఆడపిల్ల "నా తలమీద చెయ్యి తీయి" అంటోంది.

మన హైదరాబాదే తక్కువా? 2023 జూన్‌లో సంతోష్‌నగర్‌లో ఒక మహిళా కాలేజీలో పరీక్ష రాయడానికి వచ్చిన అమ్మాయిల్ని బురఖా తీస్తేగానీ లోపలికి పంపమన్నారు. దానిమీద అడిగితే అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ గారు, మా ప్రభుత్వం సెక్యులర్, ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకోవచ్చని మొదలుపెట్టి, ఆడవాళ్లు తక్కువ బట్టలు వేసుకుంటేనే ఇబ్బందులు, నిండుగా వేసుకుంటే జనానికి నిమ్మది అని ముగించారు. చూశారా, కాలేజీ ఒకవైపు లాగితే మంత్రిగారు ఇంకోవైపు లాగారు. పరీక్ష హాలు బయట పోయిన టైము గురించి ఎవరూ మాట్లాడలేదు. 2024 మే 13న పోలింగ్ రోజు హైదరాబాద్ బీజేపీ అభ్యర్థి మాధవీలత ఓటు వేయడానికి కూర్చున్న ముస్లిం ఆడవాళ్ల ముసుగులు ఎత్తించి కార్డులతో పోల్చి చూసింది. కేసు పెట్టారు. ఆ అభ్యర్థి కూడా ఆడమనిషే. అది మనం గుర్తుపెట్టుకోవాలి.

మా ఇళ్లలో మగవాళ్లని వదిలేస్తున్నాననుకోకండి. మా మామూ లాంటివాళ్లకి చెల్లెళ్ల ఇజ్జత్ స్కార్ఫ్‌లో కనిపిస్తుంది. ఆస్తిలో చెల్లెలి వాటా మాట వస్తే మాత్రం షరియత్ గుర్తుకురాదు. కాలేజీ ముందు స్కార్ఫ్ హక్కు కోసం నినాదాలిచ్చే తమ్ముళ్లు ఇంట్లో అక్క స్కార్ఫ్ తీస్తానంటే ఆ హక్కుని ఒప్పుకుంటారా? హక్కు అంటే కట్టుకోవడానికీ ఉండాలి, తీయడానికీ ఉండాలి. ఒక్కవైపే ఉంటే అది హుకుం.

ఎంపిక అన్నమాట కూడా అంత తేలిక కాదు. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మా నానీ జీవితమంతా నేత చీర కట్టింది. మెడలో నల్లపూసల లచ్ఛా, తలమీద కొంగు. నాట్లకి, కలుపుకి, పత్తి ఏరడానికి పోయేది. ఊళ్లో బురఖా ఉన్నది ఒక్క పటేల్‌సాబ్ ఇంట్లోనే. ఆ ఇంటి ఆడవాళ్లకి కూలికిపోయే పనిలేదు కాబట్టి. మా పెద్ద మామూ దుబాయ్ పోయి వచ్చినప్పుడు నానీకి నల్ల అబాయా తెచ్చాడు. ఆమె దాన్ని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి పెళ్లిళ్లకే తీసేది. "దీన్ని వేస్కొని బురదల దిగుతనా?" అనేది. కానీ వేసుకున్నరోజు ఆమె నడక మారేది. ఆ రోజు ఆమె ఎవరి కూలిమనిషీ కాదు. దీన్ని అణచివేత అందామా, గౌరవం అందామా? నా థీసిస్‌లో ఈ రెంటికీ నడుమ గడి లేదు.

ఇంటర్ చదవడానికి హైదరాబాద్ వచ్చినప్పుడు నేను బురఖా వేసుకున్నాను. అది షరతు. దాంతో బస్‌పాస్, కాలేజీ, లైబ్రరీ వచ్చాయి. ఎం.ఏ.లో ఉండగా హాస్టల్లో వదిలేశాను. స్నేహితురాళ్లు ఆ రాత్రి కేక్ తెచ్చి కోశారు. తర్వాత ఎనిమిదేళ్లు కష్టపడి పీహెచ్‌డీ చేస్తే ఎవరూ కేక్ కోయలేదు! నేను చేసిన గొప్పపని తలమీంచి గుడ్డ తీయడమే అని వాళ్ల లెక్క. అప్పటినుంచి మీటింగుల్లో నన్ను 'బురఖా వదిలి బయటికి వచ్చిన' రచయిత్రిగానే పరిచయం చేస్తారు. నేను బయటే పుట్టాను. మా అమ్మమ్మ పొలంలోంచి వచ్చాను.

అందుకని ఇప్పుడు మన సంగతి. మనం, రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం.

కొన్నేళ్ల కింద నా వ్యాసాల పుస్తకం ఒకటి వచ్చింది. పదకొండు వ్యాసాలు. బురఖా గురించి ఉన్నది ఒక్కటే. ముఖచిత్రం వచ్చాక చూస్తే నల్ల ముసుగు, దానిలోంచి కాటుక పెట్టిన రెండు కళ్లు. ఇదేంటని అడిగితే "ఇలా వేస్తేనే ముస్లిం స్త్రీ అని తెలుస్తుంది మేడమ్" అన్నారు. నేను ఒప్పుకున్నాను. పుస్తకం రావడమే గొప్ప అనుకున్నాను. బేగంపేట ఫుట్‌పాత్ మీద ఆ బొమ్మని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ అట్టే. షోరూం వాడు చేసిందే నేనూ చేయనిచ్చాను. మీ ఇంట్లో అల్మరా తీసి చూడండి. ముస్లిం స్త్రీల గురించిన పుస్తకాల అట్టల మీద కళ్లు తప్ప నోరు కనిపించేవి ఎన్నున్నాయి?

నా థీసిస్‌లో ఆ అధ్యాయం మళ్లీ తీసి చదివాను. బురఖా ప్రతీక, చీకటి ప్రతీక, గోడలు ప్రతీక. నేను విశ్లేషించిన కథల్లో ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. మిషన్ కుడుతున్నారు. కొడుకు జైల్లో ఉంటే వకీలు ఫీజు కోసం కమ్మలు కుదువ పెడుతున్నారు. అదంతా కథలో ఉంది, నా విశ్లేషణలో లేదు. గుడ్డ చదివాను, మనిషిని చదవలేదు.

ఇదేదో తెలుగులో రాసేవాళ్లు లేక జరిగింది కాదు. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' వచ్చాయి. 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చింది. మహజబీన్ అంతకు ముందునుంచీ రాస్తోంది. ఉర్దూలో జమీలా నిషాత్ కవిత్వం రాస్తూ, 2002 నుంచి పాతబస్తీ ఆడవాళ్ల కోసం షాహీన్ సంస్థ నడుపుతున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే సుగ్రా హుమాయూన్ మీర్జా ఉన్నారు. ఈ నగరంలో పరదా వెనకనుంచి బయటికి వచ్చి, 'అన్నిసా' పత్రిక నడిపి, ఆడపిల్లలకి బడి పెట్టారు. 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో మాసూమా బేగం ఉన్నారు. తెలుగు స్త్రీల ఉద్యమ చరిత్రలు చెప్పుకునేటప్పుడు వీళ్ల పేర్లు ఎన్ని సభల్లో విన్నాం? మైనారిటీల సెషన్ పెడతాం. సాయంత్రం, భోజనాల తర్వాత. అందులో బురఖా మీద చర్చ పెడతాం. వరకట్నం మీద, ఆస్తిహక్కు మీద, అనువాదం మీద మమ్మల్ని ఎందుకు పిలవరు? నాకు చందస్సు మీద మాట్లాడాలని కూడా ఉంటుంది.

మళ్లీ మా చెల్లెలి దగ్గరికి వస్తాను. ఆమె ఉద్యోగం మానలేదు. బీకాం చదివింది. నెలకి పద్నాలుగు వేలు. ఖాలూకి రెండేళ్లుగా పనిలేదు, ఆ డబ్బుతోనే ఇంటి కిరాయి. పొద్దున సెల్లార్‌లో స్కార్ఫ్ తీసి బ్యాగులో పెడుతుంది, రాత్రి మళ్లీ కట్టుకుంటుంది. లోపల తీస్తుందని ఖాలూకి తెలియదు. బయట కట్టుకుంటుందని కస్టమర్లకి తెలియదు. రోజుకి రెండుసార్లు ఆ మెట్ల దగ్గర ఆమె ఒక్కతే ఈ దేశాన్ని మోస్తుంది.

మొన్న అడిగాను, నీకేం కావాలే అని. నాకు తెలియకుండానే ఒక జవాబు ఊహించుకుని ఉన్నాను. ఆమె చెప్పులు విడిచి కాళ్లు చూపించింది. మడమలు వాచి ఉన్నాయి. పది గంటలు నిలబడాలట. కస్టమర్లు లేకపోయినా కూర్చోకూడదు. కూర్చుంటే కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు. "ఏక్ స్టూల్ హోనా ఆపా" అంది.

స్టూలు! కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ఈ స్టూలు కోసమే ఏళ్ల తరబడి కొట్లాడారు. 2018లో అక్కడ చట్టం సవరించారు. 2021లో తమిళనాడు కూడా కూర్చునే హక్కు కల్పించింది. ముస్లిం స్త్రీల మీద ఇన్నేళ్లు చదివిన నాకు ఆ పిల్ల కాళ్లవైపు చూడాలని తట్టలేదు. షోకేసులో బొమ్మలు కూడా నిలబడే ఉంటాయి, కానీ వాటికి మడమలు వాయవు.

ఇది రాయాలనుకుంటున్నానని చెప్పాను. సంతోషించింది. నేను ఉత్సాహంగా, అయితే అసలు సమస్య స్కార్ఫ్ కాదు, స్టూలు అని రాస్తానన్నాను. వెంటనే ముఖం ముడుచుకుంది.

"స్కార్ఫ్ కాదని నేనెప్పుడన్నాను ఆపా? స్కార్ఫా స్టూలా అని నువ్వు కూడా ఒకటి ఏరుకోమంటావేంది? మేరేకు దోనో హోనా."

నాకు రెండూ కావాలి.

డాక్టరేట్ ఉన్నదాన్ని, మళ్లీ ఆమె తరఫున తీర్మానం చేయబోయాను. కాబట్టి నా తీర్మానం కొట్టేసి ఆమెదే రాస్తున్నాను. స్కార్ఫ్ కావాలి. ఇష్టం లేనిరోజు తీసేసే హక్కు, తీసినందుకు ఇంట్లో ఎవరూ చేయెత్తకుండా ఉండే హక్కు కావాలి. స్టూలు కావాలి. పద్నాలుగు వేలు పద్దెనిమిది కావాలి. ఈ జాబితాలో ఏది స్త్రీవాదం, ఏది మతం, ఏది కార్మిక సమస్య అని మనం విడగొట్టుకుంటూ కూర్చుంటే ఆమె ఇంకో పది గంటలు నిలబడుతుంది.

ఈసారి మీరు బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు షోకేసు చూసి ఆగిపోకండి. లోపలికి వెళ్లి, చీరలు మడత విప్పి చూపించే ఆ అమ్మాయిని పేరడగండి. కూర్చోవడానికి మీకేం ఉందమ్మా అని మేనేజర్‌కి వినబడేలా అడగండి. ఆమె తలమీద ఏముందో, ఏం లేదో మాత్రం అడగకండి.